కొసగుంట

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. ముందుగదిలో, కుర్రాణ్ణి నాలుగు ప్రశ్నలడిగి చూద్దామని వచ్చిన కారఖానా ఇంజనీరు. వంటింట్లో ఆయనకు టీ పెడుతున్న అమ్మ. మధ్యగదిలో గొంతులు తగ్గించుకుని రోలింగు మేస్త్రీ, ఆయన కొడుకు, నోట్లో నాలుక లేని పిల్ల అని పేరుపడ్డ కూతురు.

“మళ్లీ చెప్పరా. షాఫ్టు కొసన గుంట ఎందుకు పడుతుంది?”

“ఎర్రగా కాల్చిన కడ్డీని రెండు అచ్చుల మధ్య దొర్లిస్తే... పైన ఉన్నదేమో... లోపలున్నదేమో...”

“పై పొర ముందుకు పరిగెడుతుంది అన్నయ్యా. నడుమది వెనకబడుతుంది. అందుకే కొస గిన్నెలా లొట్టపోతుంది. ఆ మేర కోసి తుక్కులో పారెయ్యాలి.”

“నిన్నెవరడిగారే?”

“ఎవరూ అడగరు. రెండు రోజులుగా అడక్కుండానే నేర్పుతున్నాను.”

“మెల్లగా అమ్మా, ఆయన వింటాడు. ఒరేయ్, గుంట పడకుండా నువ్వేం చేశావు?”

“కొసలు ముందే చెక్కించాను నాన్నా. పెన్సిల్లా.”

“పెన్సిల్లా కాదు! అంత మొన ఉంటే మొనే మిగులుతుంది. మొద్దుగా, నడుమ కాస్త ముందుకొచ్చేట్టు వాలు పెట్టాలి. అప్పుడు పై పొర పరిగెత్తినా నడుమదాన్ని దాటిపోదు. కొస చదునుగా వస్తుంది.”

“విన్నావా? సరే, ఇది నీకెలా తట్టిందంటాడు.”

“పడుకుని ఆలోచిస్తే...”

“పెరట్లో బంకమట్టి అన్నయ్యా. రెండు పీటల మధ్య ఎనభై మట్టికడ్డీలు దొర్లించాను. వాటి మీంచి సైకిలెక్కించింది నువ్వే.”

“నాన్నా, నిజం చెప్పేద్దాం. నేను అడ్డంగా దొరికిపోతాను.”

“నోర్ముయ్. ఆయనకి నచ్చితే రేపట్నుంచి అచ్చులు చేసే టూల్‌రూంలో శిక్షణ. ఇలాంటి అవకాశం మళ్లీ మన గడప తొక్కుతుందా?”

“ఈ ఉపాయం కనిపెట్టినవాళ్లకే శిక్షణ అని కారఖానాలో అన్నారని నువ్వే చెప్పావు నాన్నా.”

“చెప్పాను. మావాడే కనిపెట్టాడని అక్కడా చెప్పాను. ఆడపిల్ల మట్టితో ఆడుకుంటూ కనిపెట్టిందంటే, పాతికేళ్లు ఆ మిషను ముందు నిలబడ్డ నేనేమైపోవాలి? నవ్వుతారు.”

“నేను చెప్పిన వాలుతో నీ మిషను మీద పద్నాలుగు కడ్డీలు చదునుగా వచ్చాయే, అప్పుడు నవ్వారా?”

“మెల్లగా మాట్లాడమన్నానా?”

“నవ్వారా నాన్నా?”

“లేదు. అది వేరు. వీడు పనికోసం వెళ్లి నాలుగు చోట్ల నుంచి వెనక్కొచ్చాడమ్మా.”

“నేను గుమ్మం దాటకుండానే వెనక్కొచ్చాను.”

“నీకూ ఉంటుందిలే, ఎప్పుడో ఒకప్పుడు.”

“ఎప్పుడు?”

“ఎప్పుడో అంటే... ఎప్పుడో. టీ అయిపోయినట్టుంది, పదరా.”

“నేనూ వస్తాను.”

“వద్దు.”

“మాట్లాడను. ఊరికే నిలబడతాను.”

“నువ్వు నిలబడితే వీడి నోరు పెగలదు. లోపలే ఉండు. ఒరేయ్, ఆ తలుపు లాగు.”

“నేను లాగను నాన్నా.”

“ఎంతవాడివయ్యావురా! తప్పుకో, నేనే వేస్తాను.”

మేస్త్రీ కొడుకుతో బయటికొచ్చి తలుపు వేసి, గడియ పెట్టాడు.

“వేసుకో నాన్నా. కొసలు చెక్కడానికి కొలతగా నేను కత్తిరించి ఇచ్చిన అట్టముక్క సన్న షాఫ్టుది. ఇందాక మంచినీళ్లిస్తూ చూశాను, ఆయన తెచ్చిన కాగితంలో బొమ్మ లావు షాఫ్టుది. దానికి వాలు వేరు. అది కూడా ముందే మట్టితో చేసి చూసేశాను. ఆ వాలు ఎంతో మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు.”