బెండతోట తప్ప

ఆ బస్సు దిగి కొండెక్కుతున్న దొరల్ని చూస్తున్నావా రీమా, వాళ్లను చూసినప్పుడల్లా నాకు మా నజ్లా అత్త గుర్తొస్తుంది. నువ్వు చూడలేదులే, మీ అమ్మ పెళ్లికి ముందే పోయింది. మా నాన్నకు అక్క. మనిషి ఇంతే ఉండేది, ఊరంతా ఆమె నోటికి జడిసేది. మీ తాతనైతే ఒకసారి... సరే, ఆ గాడిద గొడవ ఇప్పుడెందుకు. ఏం చెప్తున్నాను? ఆఁ, అత్త చేను సంగతి. వెనకటి అహాబు రాజు కట్టించిన దంతపు మేడ ఇక్కడెక్కడో ఉందని ఇలాంటి దొరలే వచ్చి కొండంతా తవ్వారు కదా, అప్పుడు అత్త చేనులో కూడా రెండు వేసవులు తవ్వారు. దొరికినవి కుండపెంకులే. మట్టంతా జల్లించి, రాళ్లేరి, మళ్లీ పూడ్చి పోయారు. జల్లెడ పట్టిన మట్టాయె, అత్త అందులో బెండ గింజలు వేస్తే, చుక్క నీరు పెట్టకుండా మంచుకే విరగకాసింది. మన సెబాస్తియా ఊళ్లో అలాంటి బెండకాయ మళ్లీ ఎవరూ తినలేదు. రాజుగారు తన కోసమే నేల దాచిపెట్టి పోయాడనేది.

చాలా ఏళ్లకు ఇలాంటి బస్సులోంచే ఒక ముసలాయన దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. అన్‌సెల్మ్ ఆయన పేరు. కుర్రతనంలో అత్త చేను తవ్విన వాళ్లలో ఒకడు. మన మాట వచ్చీరానట్టు మాట్లాడేవాడు. అత్త కాఫీ ఇచ్చింది. తీసుకుని, తాగకుండా కింద పెట్టాడు. అంతే, ఇంట్లో మగాళ్లంతా లేచి నిలబడ్డారు. ఇంటికొచ్చిన మనిషి కాఫీ కింద పెట్టాడంటే ఏదో అడగబోతున్నట్టే కదా, ఇస్తామని మనం మాటిస్తేగాని ముట్టడు. అడగబోయేది మళ్లీ తవ్వకమేనని అత్తకు గట్టి అనుమానం. మాటిస్తే తోట పోతుంది, ఇవ్వకపోతే పరువు పోతుంది. ఇక మాట మళ్లించడానికి పిల్లలెందరంది, అంజూరాలు పెట్టింది, మోకాళ్ల నొప్పులకు కషాయం చెప్పింది. కాఫీ చల్లారిపోయింది. ఇంకోటి కాచి తెచ్చింది. అదీ కింద పెట్టాడు.

మా నాన్న గొంతు సవరించుకుని, "అక్కా, గుమ్మంలో జనం చేరుతున్నారు" అన్నాడు.

అత్త తలగుడ్డ సర్దుకుంది. "తాగవయ్యా, ఏమడిగినా ఇస్తాను. బెండతోట తప్ప."

మాటిచ్చేటప్పుడు 'తప్ప' అన్నవాళ్లు మా వంశంలో లేరు. నాన్న తలెత్తలేకపోయాడు. ముసలాయన బిక్కమొహం వేశాడు. డాక్టరు కాఫీ మానమన్నాడట, వద్దంటే బాగుండదని కింద పెట్టాడట. గుమ్మంలో వాళ్లంతా ఒకటే నవ్వు. అత్త మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. అప్పుడాయన మెల్లగా, "అడగమన్నావు గనక అడుగుతున్నా తల్లీ. బస్సు సాయంత్రం గానీ పోదు. అందాకా ఆ తోటలో కలుపు తియ్యనిస్తావా? ఆ మట్టి మళ్లీ ముట్టుకోవాలనుంది" అన్నాడు. వద్దన్నదే అడిగాడు చూడు. అంతమంది ముందు రెండోసారి ఎలా కాదంటుంది?

సాయంత్రం పోయి చూద్దుము కదా, కలుపు ఒక్క పోచ లేదు. బెండ మొక్కలకు మాత్రం ఒక్కోదాని చుట్టూ మట్టి తీసి, బ్రష్షుతో దులిపి, వేళ్లన్నీ పాతకాలపు నగల్లా బయటపెట్టాడు మహానుభావుడు. వాళ్ల చేతులకు అదే పని అలవాటు మరి. మొహం వెలిగిపోతోంది. ఎలా ఉందమ్మా అన్నాడు. అత్త ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిచింది. ఆ నోట్లోంచి ఏమొస్తుందోనని మేం బిగుసుకుపోయాం.

"బాగుందయ్యా. మళ్లీ రా" అంది.

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యూపుతూనే ఉంది. తిరగ్గానే మా మీద పడింది, ఇంకా గుడ్లప్పగించి చూస్తారేంట్రా, పూడ్చండి వెధవల్లారా అని. సగం మొక్కలు బతికాయి. సరే, ఎండెక్కింది, లోపలికి పద.