బంగారిని దువ్వడం

"మీ కొడుకును బెంగుళూరు నుంచి చీర తెమ్మంటే ఈ ఎలుకను తెచ్చినాడత్తా. జానెడు బొచ్చు దీనికి. దువ్వేది మాత్రం నేను."

మదనపల్లెలో ఒకింటి వరండా. అత్తాకోడళ్ళ మధ్య, పాత తువ్వాల మీద, గినీ పంది గింజుకుంటోంది.

"ఎలుక గాదు మే. నా మనవరాలు దీప దీనికి బంగారి అని పేరు పెట్టుకునుండాది. గట్టిగా పట్టుకో."

"పట్టుకుంటే అరుస్తాది, దువ్వెన సూస్తే పారిపోతాది. పొద్దున్నుంచి గడ్డి గూడా ముట్టలేదు. మీ కొడుక్కు మిస్డ్ కాల్ ఇచ్చినా పలకలేదు. సాయంత్రానికి దీప హార్స్లీ హిల్స్ నుంచి వచ్చేస్తాది. ఏం చెప్పాల?"

"ఎండకు అట్లుండాదేమో."

"బొచ్చంతా ఉండలు కట్టింది. ఏందత్తా, ఆముదం వాసన వస్తాంది?"

"నాకు జలుబు. వాసన తెలీదు."

"నిన్న శుక్రవారం, నాకూ దీపకూ తలంటినారు గదా. గిన్నెలో ఆముదం మిగిలిందా?"

"గిన్నెలు ఎవరు సూసినారమ్మా!"

"ఇది ఒళ్ళు నాక్కుంటాది. ఆముదం కడుపులోకి పోయుంటే? ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పోతాండాను. ఏం జరిగిందని అడిగితే నాకు తెలీదని చెప్తాను. ఆయన ఏదో ఒక సూదేస్తాడు."

"సూదా? ఇంత ప్రాణికా?"

"ఇంకేం చేసేది?"

"ఆగు మే, నేనూ వస్తాను. చిక్కు పోతాదని ఒళ్ళంతా ఆముదం పెట్టింది నేనే. నీకూ దీపకూ పెట్టినట్టే పెట్టినాను. మీరిద్దరూ నోరు మూసుకోని కూర్చుంటిరి. ఇదొక్కటే వద్దని అరిచింది. నేనే వినలేదు. తప్పు నాదే."