చుక్కల బంగళాకు పోయే దారి

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఓబులేసు ఆళ్లగడ్డలో మామ మాధవయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. దక్షిణాన ఏదో కొండ మీద, దొరలు చుక్కలు చూసే బంగళాలో అతనికి కాపలా ఉద్యోగం. పురిటికొచ్చిన భార్య అహల్యకు బిడ్డ పుట్టి ఐదో నెల దాటింది. తల్లినీ బిడ్డనూ పంపమని అడగాలి, అంతే పని. నలుగురం చేరేసరికి అది మరిచిపోయాడు. నలుగురిలో నేనూ ఉన్నాను కాబట్టి తప్పు కొంత నాది.

“నంద్యాలలో రైలెక్కితి, రెండు రైళ్లు మారితి, ఆడ నుంచి బస్సు. కొండ కిందికి పోతానే డ్రైవరు ఇంగ నా వల్ల కాదనె. పెట్టె నెత్తిన పెట్టుకొని నడిస్తి. పెద్ద పనేం కాదులే.”

“చలేమన్నా ఉంటాదా?” అన్నాడు పక్కింటి యోబు. ఎగదోయడం అతనికి సరదా.

“చలా! బీడీ ముట్టిస్తే నిప్పు వణుకుతాది యోబన్నా. మంచును కొడవలితో కోసుకుంటా పోవాల. కోసి, మోపులు కట్టి పక్కన పడేస్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోపు ఎనక చిరుతపులి! ఒకటి కాదు, ఐదు. దారికడ్డంగా పండుకోనుండాయి. ‘అప్పా, డ్యూటీకి టైమయితాంది, లేయండి’ అంటి. లేచినాయి. ఒకటి నా పెట్టె మోసె.”

“పెట్టెలో ఏముండె?”

“మా అత్త కట్టిచ్చిన బొరుగుల ఉండలు. ఒక్కటీ ముట్టలా, మర్యాద తెలిసిన జంతువు. పైకి పోతే దొర తలకాయ పట్టుకొని కూర్చోనుండాడు. గొట్టంలో చంద్రుడు కనపడ్డం లేదంట. నేను గొట్టం చివరిదాకా ఎగబాకి, తలగుడ్డ ఇప్పి చంద్రున్ని తుడిస్తి. ఓ పక్క మరక అట్లనే ఉండాది చూడండి, ఆడికి చెయ్యందలా.”

“ఆ చిరుతలు?” మాధవయ్య మొదటిసారి నోరు తెరిచాడు.

“రోజూ వస్తాయి మామా. మా గడప కాడనే పండుకుంటాయి.”

లోపల ఉయ్యాల చప్పుడు ఆగింది. “అట్లయితే నా కూతుర్ని పంపేది లేదు,” అంది అత్త రామేశ్వరమ్మ తలుపు చాటు నుంచి.

“అది కాదత్తా...” అని ఓబులేసు మా మొహాలు చూశాడు. మాట వెనక్కి తీసుకుంటే మేం నవ్వుతాం. తీసుకోకుంటే ఒంటరిగా రైలెక్కాలి. మేం ఏ సాయమూ చేయలేదు.

మాధవయ్య నంద్యాల ఎద్దుల సంతలో దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరమాడతారు, పక్కవాడికి తెలియకుండా. ఆయన భుజం మీది తువ్వాలు తీసి అల్లుడి చేతి మీద కప్పి, తన చెయ్యి కిందికి పోనిచ్చాడు.

“చెప్పు. చిరుతలెన్ని?”

తువ్వాలు కదిలింది. మాధవయ్య తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కదిలింది.

“ఇంగా తగ్గు.”

ఓబులేసుకు చెమట పట్టింది. చలిదేశంలో ఉండే మనిషి, పాపం. చాలాసేపటికి తువ్వాలు కింద పిడికిలి ముడుచుకుంది.

మాధవయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “ఏమే, అమ్మాయి పెట్టె సర్దు. ఆడ ఒక్క చిరుత కూడా లేదు.”

ఓబులేసు దిగ్గున లేచాడు.

“మామా! గుడ్డ కింద బేరం బయట చెప్తారా యాడన్నా?”