అరచేతిల రాసిన పేరు

"అమ్మమ్మా, జెర నీ చెయ్యి చూపియ్యి. రేపు పరీక్షల చేతి ఎముకల పేర్లు అడుగుతరు, నాకు ఒక్కటి గుర్తుంటలేదు. ఇగ నా అరచేతిల రాసుకోని పోత."

ఇగో, చూడు. రెండు చేతులూ చూడు. ఏందీ, ఒక్క మణికట్టులనే ఎనిమిది బొక్కలా? గాజుల కింద గింత సంసారమున్నదని నాకేమెరుక! అండ్ల ఒకటి బఠాణీ గింజంతనా? దానికి సుత ఒక పేరా? అవ్వ! మాకు ఐదు వేళ్లకే పేర్లుండె. గీ ఉంగరపు వేలు చూడు. మీ తాత ఉంగరం చేయిస్త, చేయిస్త అనుకుంటనే పాయె. అయినా దీని పేరు ఉంగరపు వేలే. సిగ్గులేని వేలు!

నవ్వకు. చేతిల రాసుకునుడు నాకు నేర్పుతవా? నేను మారేడ్‌పల్లిల ఒక దవాఖానల ఆయాగ చేసిన గద, యాప్రాల్ నుంచి నడిచిపోతుంటి... కాదు కాదు, అప్పటికే నేరేడ్‌మెట్ వచ్చినం. నలభై దాటినై నాకు. సంతకం వస్తెనే నౌకరీ పక్కా, వేలిముద్ర గాళ్లు ఇంటికే అన్నడు పెద్దసారు. వారం టైమిచ్చిండు. నాకేమో అ ఆ సుత రావు.

మేరీ అని నర్సమ్మ ఉండె. నా ఎడమచేతిల పెన్నుతోటి 'లక్ష్మమ్మ' అని రాసి, "చూసి గీకెయ్" అన్నది. మా నాయిన గింత తిప్పల పేరెందుకు పెట్టిండో! 'రమ' అంటే అయిపోతుండె గద.

ఆయా పనంటే నీకెరుకే. బెడ్‌పాన్ కడుగు, చెయ్యి కడుగు. కడిగితే పేరు పాయె. మళ్ల మేరీ నర్సమ్మ దగ్గరికి ఉరుకుడు. మూడోసారికి ఆమె పరేషానయ్యి, "లక్ష్మమ్మా, నాకు పేషంట్లున్నరు. గా పెన్ను నీ కొంగుకే కట్టుకో!" అన్నది. ఇగ సబ్బు తుడుసుడు, మిగిలిన గీతల మీద నేను దిద్దుడు. వారమంతా గదే పని.

ఆఖరికి సారు ముందల నిలవడ్డ. పిడికిలి తెరిస్తే ఏమున్నది? చెమటకు పేరంతా నీలం నీళ్లు! నౌకరీ పాయె అనుకున్న. కుడిచెయ్యి మాత్రం నన్ను అడగకుండనే పెన్ను పట్టి రాసుకుంట పోయింది. 'క్ష' కింద 'మ' సుత! నేనింకా నీలం చెయ్యి దిక్కే చూస్తున్న, సంతకం అయిపోయింది. సారు టేబుల్ మీది తెల్లగుడ్డకు నా నీలం చెయ్యి తుడిచి మరీ వచ్చిన.

అందుకే, నీ చేతిల వద్దు బిడ్డా, దొరికిపోతవ్. నా చేతిల రాయి. ఎనిమిదీ రాయి, గా బఠాణీదాన్ని ఇడువకు. నేను పోయి రెండు గిన్నెలు తోముకొస్త, పేర్లు పోతై, మళ్ల రాద్దువు. సింకుల శానా ఉన్నై... సల్లగుండు తల్లీ, కానియ్యి.