కట్టె ఉబ్బిందన్నడు నర్సయ్య

ఎవలి కోసం, నర్సయ్య కోసమా? రా, కూసో. గా కుర్చీల వద్దు, దాని కాలు ఇరిగింది, గీ స్టూలు మీద కూసో. ఎవరు పంపిన్రు నిన్ను? సైనిక్‌పురిల పిస్తోలు నేర్పే కాడ జెప్పిన్రా, నాచారంల నర్సయ్యని ఒకాయిన ఉంటడు, పిడి చేతికి కుదిరేటట్టు చెక్కి ఇస్తడని? మంచిగనే జెప్పిన్రు. మనిషి పోయిన సంగతి జెప్పుడు మర్శిపోయినట్టున్నరు. ఆయిన పోయి మస్తు ఏండ్లాయె తేజేషూ, నువ్వు గీ బస్తీకి రాకముందు సంగతి. తెలంగాణ గావాలె గావాలె అని గొంతు పోయేటట్టు ఒర్లినోడు, అది వచ్చేదాంక ఆగకపాయె. పిస్తోలు ఎవలికి, మీ బిడ్డ ఆమనికా? చిన్న చెయ్యి గదా పిల్లది. మీరు పిడిని గ్రిప్పంటరు, అనుండ్రి. పేరేదైతేంది, చేతిల కుదరకుంటే తుపాకి కూడ పప్పుగుత్తే.

నర్సయ్య నాకు బావ. సుట్టరికం ఏం లేదు. ఆయిన చర్చికి పోతడు, నేను కొమురెల్లి మల్లన్న కాడికి పోత. ఒక్క కంపెనీల పని జేసినోళ్లం, గీ అరుగుకు ఆ దిక్కు ఆయిన ఇల్లు, ఈ దిక్కు నాది, బావ అంటే బావనే. గీ ఎనుక సందుల ఇనుము పోతపోసే కంపెనీ ఉండె, ఇప్పుడాడ మందుల గోదాం వెట్టిన్రు, వాసనకు ముక్కు వలుగుతది, సరే అది వేరే ముచ్చట. ఆయిన కట్టెతోని అచ్చు చెక్కేటోడు. నేను ఆ అచ్చును మట్టిల ఒత్తి తీసేటోన్ని. ఆ గుంటల కరిగిన ఇనుము పోస్తరు. ఇనుము సల్లారితే కుంచుకపోతది, అందుకని అచ్చును జరంత పెద్దగ చెక్కాలె. వానలల్ల కట్టె ఉబ్బుతది, దాని లెక్క వేరే. ఇనుము కుంచుకపోతది, కట్టె ఉబ్బుతది, గీ రెండు ముక్కలల్లనే బావ బతుకంత ఎల్లదీసిండు. ఇంకో సంగతి జెప్తే ఇనేటోడు గాదు. మా లెక్క మొండోడు.

ఆయినకు ఒక్కతే బిడ్డ, ఎస్తేరు. తల్లి ఎలిజబెత్తు సైనిక్‌పురిల ఒక బడిల వంట జేసేది, పిల్ల గాడనే సదువుకున్నది. ఆ బడి పక్కపొంటి పరంధామయ్య అని మిలిట్రీల జేసొచ్చిన ముసలాయిన ఇల్లు. రేకుల షెడ్డుల అట్టలు కట్టి పిల్లలకు గాలి పిస్తోలు నేర్పేటోడు. ఆంధ్ర సైడు మనిషి, మీ దిక్కే. "అమ్మాయ్, చేతిలో బలం కాదు కావలసింది, ఊపిరి" అని మెల్లగ మాట్లాడెటోడు. ఎస్తేరు తల్లి కోసం గోడ కాడ నిలవడి సూసి సూసి, ఒక దినం "సార్, నేను గూడ కొడతా" అన్నదట. ఆయిన నవ్వి ఇచ్చిండు. ఇగ పోరి ఇడ్సిపెట్టలే. ఆడవిల్లకు తుపాకేందని మా ఇంటామె నోరు నొక్కుకున్నది. "నీ బిడ్డ బెలూను గూడ కొట్టది, నోరు మూస్కో" అన్న నేను.

అయితే పిస్తోలేమో షెడ్డుది, పిడేమో ఎవడో లావుపాటోని చేతికి జేసింది. పిల్లవి పొట్టి వేళ్లు. గుండ్లన్ని ఎడమకే పోవట్టె. పరంధామయ్య ఇంటికొచ్చి కూసొని "నర్సయ్యగారూ, అమ్మాయి తప్పు కాదు, గ్రిప్పు తప్పు. బయటి దేశం నుంచి వచ్చేవి కూడా ఈ చేతికి సరిపోవు. రాష్ట్ర సెలక్షన్లో నెగ్గితే రైల్వేలో ఉద్యోగానికి దారి ఉంటుంది" అన్నడు. గా ఒక్క మాట పట్టుకున్నడు బావ. కంపెనీ మూస్తరు మూస్తరని గప్పటికే గుసగుసలు. "కట్టెనే గద సార్, నాకిడ్సిపెట్టుండ్రి" అన్నడు.

పాత టేకు ముక్క దెచ్చిండు. పిల్ల చేతికి బట్టలకేసే నీలిమందు రాసి పట్టుకోమనెటోడు. కట్టె మీద యాడ నీలి అంటితే ఆడ ఆకురాయితోని గీకుడు, మళ్ల రాసుడు, మళ్ల పట్టుకొమ్మనుడు. అరచెయ్యంత ఒక్క తీరుగ అంటాలె, తుపాకి కొట్టే వేలు మాత్రం కట్టెకు తగలొద్దు. ఆదివారం నీలి చేతులతోనే పోయేది చర్చికి. పాస్టరమ్మ "ఏందమ్మా ఎస్తేరూ, చాకిరేవుకు వోయొచ్చినవా?" అని ఎక్కిరిచ్చేది. కుదిరిందా లేదా సూసే ఉపాయం పరంధామయ్య జెప్పిండు. కండ్లు మూసుకొని చెయ్యి లేపాలె, కండ్లు తెరిస్తే ముందరి గురి, ఎనుక గురి ఒక్క గీతల ఉండాలె. ఉంటే పిడి నీది, లేకుంటే పరాయిది. గీ అరుగు మీదనే, నా ముంగట్నే, కండ్లు మూసింది, లేపింది, తెరిసింది. "డాడీ, చేతిల ఏం లేనట్టే ఉన్నది" అన్నది. బావ అటు మొకం తిప్పుకున్నడు. ఏడుస్తున్నవా అంటే కంట్ల పొట్టు వడ్డదన్నడు. పడ్డది, నేనేమో నమ్మిన!

జిల్లాల గెలిసింది. వానలెల్లినంక రాష్ట్ర సెలక్షను. గా వానలల్లనే ఒక దినం "డాడీ, పిడి బిగుసుడైతుంది" అన్నది. బావకు అది కొత్తనా? "వానకాలం గద బిడ్డా, కట్టె ఉబ్బింది" అన్నడు. ఇంటి తలుపు గూడ వానలకు బిగుసుకపోయి పట్టకపాయె, ఎవడు గాదంటడు? నీలిమందు రాసిండు, గీకిండు. కుదిరింది. కొన్ని దినాలకు మళ్ల బిగుసు. మళ్ల గీకిండు. ఎలిజబెత్తు ఒక పొద్దు "పిల్ల మొకం పొద్దుగాల జర బరువుగ అవుపిస్తుందయ్యా" అంటే "నిద్ర మొకమే" అన్నడు. చర్చిల ఆడోళ్లు "ఎస్తేరు జర ఒళ్లు జేసింది, ఇప్పుడు మంచిగున్నది, పెండ్లికళ వచ్చింది" అనవట్టిన్రు. బక్కపిల్ల నిండుగయితే ఎవలన్న ఫికర్ జేస్తరా బిడ్డా? తల్లి కూడ ఖుష్ అయ్యింది. అన్నం ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది.

వానలు పోయినయి. సలి వడ్డది. సలికాలం కట్టె ఎండి సందు రావాలె గదా? రాలే. పిడి ఇంకింత బిగుసాయె. గప్పుడన్న అనుమానం రావొద్దా? బావకు కట్టె మీద కోపమొచ్చింది! "దొంగ కట్టె బావా ఇది, నీళ్లు తాగి దాసుకున్నది" అని పండ్లు కొరికిండు. నీళ్లు దాసుకున్నది ఎవలో తెలువకపాయె. సెలక్షన్ దగ్గరికొస్తుందని కూసొని గీకిండు, గీకిండు, ఒక కాడ లోపలి ఇనుము అవుపడేదాంక గీకిండు. పిల్ల సెలక్షన్‌కు వోయింది. సగం గుండ్లు మస్తు కొట్టిందట, పరంధామయ్యే జెప్పిండు. తర్వాత ఊపిరాడలే, గాడనే కూలవడ్డది.

దవాఖాన్ల నేను గూడ ఉన్న. డాక్టరు పిల్లగాడు బొటనేలు వెట్టి పిల్ల కాలి మీద ఒత్తిండు. గుంట వడ్డది. తీసినా గుంట గట్లనే ఉన్నది, లేవలే. మట్టిల అచ్చు ఒత్తి తీసినట్టే ఉండె. నేను బావ దిక్కు సూసిన, బావ ఆ గుంట దిక్కు సూస్తుండు. "రెండు కిడ్నీలు పోయినయి, ఎప్పటి సంది ఉన్నది గీ వాపు?" అని అడుగుతుండు డాక్టరు. కిడ్నీ నేనిస్త అన్నడు బావ, ఆయినకు షుగరున్నది, వద్దన్నరు. తల్లిది కలువలే.

ఇగ డయాలసిస్. మిషినుకు కట్టి నెత్తురు కడుగుడు, ఒంట్ల నీరు తీసుడు. నీరు దిగినంక పిల్ల మళ్ల బక్కగయ్యింది, పాత ఎస్తేరే. ఇంటికొచ్చి పిడి తెమ్మన్నది, పట్టుకున్నది. చేతికీ కట్టెకూ నడుమ ఎంత సందో! నా వేలు వడుతది ఆడ. బావ ఆ సందుల వేలు వెట్టి బయటికొచ్చిండు, గీ అరుగు మీద కూలవడ్డడు. "సూసినవా బావా, గంత నీరు పట్టింది నా బిడ్డకు. కట్టె జెప్పుతనే ఉన్నది. నేను దాని నోరు గీకిన" అన్నడు. నువ్వు డాక్టరువా ఏంది బావా అన్న. అందరం సూసినం, అందరం కట్టెనే అన్నం.

పిల్లకు మాత్రం కోపం లేకుండె. "డాడీ, లప్పంతోని నింపు, వచ్చే సెలక్షన్ దాంక మంచిగైత" అనేది. కిటికీలకూ తలుపులకూ పెట్టే లప్పం నూరి బావ నింపేటోడు. అది ఆరేలోపట పిల్ల ఇంకింత సన్నగయ్యేది, సందు మళ్ల వచ్చేది, మళ్ల నింపేటోడు. గీకిన చేతులతోనే నింపవట్టె. నేను పోయి కూసుండేది, ఇద్దరూ అదే ముచ్చట, ఈడ జర తక్కువైంది, ఆడ జర ఎక్కువైంది అనుకుంట. నవ్వేది గూడ పోరి. సూడలేక లేసొచ్చేటోన్ని.

ఎండకాలం, మిట్ట పగటీలి. కొత్తగ లప్పం వెట్టి మంచం పక్కన కూసున్నడు బావ. "ఆరినంక పట్టుకుంట డాడీ" అని అటు తిరిగి పండింది. గంతే, మళ్ల లేవలే. ఎలిజబెత్తు మొత్తుకుంటే నేను ఉరికిన. బావ ఏడుస్తలేడు. పిల్ల కుడి చెయ్యి ఒళ్లె వెట్టుకున్నడు, ఒక్కో వేలు మెల్లగ మలిసి పచ్చి లప్పం మీద ఒత్తుతుండు. "ఇడువయ్యా, నా బిడ్డ చెయ్యి ఇడువు" అని ఆమె గుంజుతుంది. నేను భుజం పట్టి లేపవోయిన. లప్పం గట్టివడేదాంక ఇడువలే. గప్పుడు కుదిరింది తేజేషూ. ఎంటికంత సందు లేదు.

...

నల్లా నీళ్లు వచ్చినట్టున్నయి. లే, జర ఆ బిందె ఇటియ్యి.