బొమ్మల మార్పిడి

క్రిస్మస్‌కు ముందు ఆదివారం మధ్యాహ్నం, వంటింటి తలుపు గడియపెట్టుకుని వదినా మరదళ్ళు తమ కూతుళ్ళ పాత బొమ్మలకు రంగు కాగితం చుడుతున్నారు.

“వదినా, నీ బుర్రే బుర్ర! మీ పిల్ల బొమ్మరిల్లు మా పిల్లకి, మా పిల్ల రైలుబండి మీ పిల్లకి. పైసా ఖర్చు లేదు!”

“మీ అన్నయ్యకి ఈసారి సగం జీతమే వచ్చింది. మరి బుర్ర పనిచెయ్యదూ?”

“బాగా తుడిచాంగా, కొత్తవే అనుకుంటారు.”

“అవునూ, పండగ రోజు ఇద్దరూ ఇక్కడే కదా విప్పేది?”

“ఇక్కడే, పక్కపక్కన కూర్చుని... అయ్యో, వదినా!”

“మా పిల్ల తన బొమ్మరిల్లు తను గుర్తుపట్టదూ! మన తెలివికి దండ వెయ్యాలి.”

“నవ్వకు! ఇప్పుడు కొత్తవి ఎక్కణ్ణుంచి తెస్తాం?”

“తేవద్దు. పిల్లలకి నిజం చెప్పేద్దాం. దేవుడి పుట్టినరోజున ఈ అబద్ధమేమిటని పొద్దుట్నించీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఎవరి బొమ్మ వాళ్ళే ఎంచి ఇచ్చుకోనీ.”

“విరిగినవి ఏరి ఇస్తే?”

“తనకి బాగా ఇష్టమైంది ఇస్తేనే కానుక అని చెబుదాం.”

“భలే! అయితే మనమూ ఇచ్చుకుందాం. నాకు నీ ఊదారంగు శాలువా కావాలి.”

“అమ్మో, అదా! ఇంకేదైనా అడగవే.”

“ఇష్టమైందే ఇవ్వాలన్నావుగా!”

“అన్నాను... చెప్పినంత తేలిక కాదే ఇది. చిన్నపిల్లలు, వాళ్ళకెలా చెప్తామో!”

“పోనీలే వదినా, సరదాకన్నాను.”

“ఊరుకో. ముందు ఆ శాలువా తెస్తాను. పిల్లలిద్దర్నీ పిలు, వాళ్ళ ముందే నీకు కప్పుతాను.”