గుర్తుగా అడిగిన లిల్లీ

ఏంటీ, పరీక్షకి రానని చెప్పేశావా? డాక్టరమ్మకి ఫోన్ చేసి మరీ? ఓసి నా తల్లో! ముందు ఆ కుండీ దగ్గర మోకాళ్ళ మీంచి లే. లే హదస్సా! అత్తయ్య మాట వినవూ?

నవ్వకే. నువ్వలా నవ్వుతుంటే నేను చూడలేను.

తప్పు నాదేలే. రొమ్ములో గడ్డ చేతికి తగిలిందని నువ్వు అన్నం మానేసిన రోజున ఈ రోసమ్మ నోరు ఊరుకుందా? "ఈస్టర్ లోపల ఈ లిల్లీ పూసిందంటే నీకేం లేదని దేవుడు చెప్పినట్టే, బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడగలేదూ?" అనేశా. నాలుగు ముద్దలు తింటావని అన్నానే అమ్మా! అదే పట్టుకుని కూర్చుంటావనుకున్నానా?

ఇక ఆ లిల్లీ దుంప! అంత మొండిది మెట్టుగూడ మొత్తం గాలించినా దొరకదు, నన్ను మినహాయిస్తే. క్రిస్మస్ నుంచి దాని ఊడిగమేగా! నెల్లాళ్ళు నీళ్ళు మాన్పించా. ఫ్రిజ్‌లో వంకాయల పక్కన పడుకోబెట్టా. మీ ఆయన ఆషర్ ఉల్లిపాయనుకుని కత్తెత్తితే, కన్నకొడుకని కూడా చూడక చెయ్యి విరిచినంత పని చేశా. ఎండలో పెట్టి కీర్తనలు పాడా. పక్కింటి మల్లె పూసింది గానీ ఇది పూసిందా? ఆకులు మాత్రం తాటాకులంత!

నీతో అలా అన్నాక ఈ మూడు వారాలూ రోజుకి వందసార్లు చూశా. మొగ్గ లేదు. మొగ్గ జాడే లేదు. అప్పుడు పట్టుకుందే నన్ను భయం. పైవాడు కాదంటున్నాడేమో... నిజంగానే కాదంటున్నాడేమో!

అందుకని ఆయన నోరు నేనే నొక్కేశా.

అలా చూస్తావేం? నువ్వు మోకరించి మొక్కుతున్న ఆ పువ్వు మోండా మార్కెట్‌ది. నిన్న పొద్దున్నే పోయి కాడతో సహా కొనుక్కొచ్చి, మట్టిలో గుచ్చి, పుల్లకి దారంతో కట్టా. నమ్మవూ? లాగి చూడు. లాగవే!

...చూశావా. వేరుందా దానికి?

తిట్టు. ఏడువు. ఆషర్‌కి చెప్పు, పాస్టర్‌గారికి చెప్పు, సంఘమంతా చాటు. జన్మలో నా మాట నమ్మకు. కానీ ఆ గడ్డ ఏంటో నాకు తెలీదు హదస్సా. నీకూ తెలీదు. దేవుడు నాకేం చెప్పలేదు.

ముఖం కడుక్కో. డాక్టరమ్మకి నేనే ఫోన్ చేస్తా, కాళ్ళావేళ్ళా పడైనా ఇవాళే సూది పరీక్ష చేయిస్తా. దారంతా నాతో మాట్లాడకపోయినా సరే. చెయ్యి మాత్రం లాక్కోకు.